సోషియాలజీ చదువుకు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి యూనివర్సిటీలో సోషియాలజీ చదువుతానంటోంది. కోర్సు మూడేళ్లు. మేం దాచింది సగం ఖర్చుకే వస్తుంది. మిగతా దానికి లోన్ తీసుకోవాలా, రిటైర్మెంట్ డబ్బు తీయాలా? అసలు ఆ డిగ్రీతో ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రిటైర్మెంట్ డబ్బు జోలికి మాత్రం వెళ్లకండి. చదువుకు అప్పు పుడుతుంది, ముసలితనంలో ఇల్లు గడవడానికి పుట్టడం కష్టం.

ఉద్యోగాలు ఉన్నాయి, కాకపోతే సోషియాలజీ పేరుతో కనిపించవు. ఆ పేరుతో దొరికేవి ఎక్కువగా బోధన, పరిశోధన. వాటికి పీజీ, పీహెచ్‌డీ దాకా చదవాలి. డిగ్రీతో వెళ్లగలిగేవి మార్కెట్ రీసెర్చ్, హెచ్‌ఆర్, ప్రజారోగ్య కార్యక్రమాలు, పథకాలు ఫలితమిస్తున్నాయో లేదో తేల్చే పనులు, యాప్‌లను జనం ఎలా వాడుతున్నారో గమనించే యూజర్ రీసెర్చ్. సోషల్ వర్క్ వేరు. చాలా దేశాల్లో దానికి ప్రత్యేక అర్హత కావాలి, రెండూ ఒకటేననుకుని చేరితే ఇంకో కోర్సు ఫీజు మీద పడుతుంది.

ఈ పనుల్లో జీతం దేనికిస్తారో చూడండి. ఒక కంపెనీ తన ఉద్యోగులను "మీ జీతం, మీ పైఅధికారి తీరు తృప్తిగా ఉన్నాయా?" అని అడిగిందనుకుందాం. "లేదు" అన్నవారికి నచ్చనిది జీతమా, అధికారా? వేలమందిని అడిగినా తేలదు. ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టాలని, ఎవరిని, ఎంతమందిని అడగాలో, వచ్చిన అంకెల్లో ఏవి నమ్మాలో తెలిసినవారికి గిరాకీ ఉంటుంది. కాబట్టి సిలబస్‌లో పరిశోధన పద్ధతులు, గణాంకాలు ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్క పేపర్‌తో సరిపెట్టే చోట, ఎంత పేరున్న యూనివర్సిటీ అయినా, ఎక్కువ ఫీజు కట్టొద్దంటాను. గణాంకాల సాఫ్ట్‌వేర్‌కు పెద్ద ఖర్చు అక్కర్లేదు. 1968లో సామాజిక శాస్త్రాల కోసమే వచ్చిన ఎస్‌పీఎస్‌ఎస్‌కు లైసెన్సు కొనాలి గానీ, అలాంటి పనికే వాడే 'ఆర్' పూర్తిగా ఉచితం.

ఇక లోన్. మొత్తం అప్పు అమ్మాయికి మొదటి ఏడాది రాగల జీతాన్ని మించకూడదు. ఆ జీతం అంచనా వేసేటప్పుడు పై పనుల్లో కొత్తగా చేరినవారికి ఇచ్చేది తీసుకోండి, బ్రోషర్‌లో మెరిసే పూర్వ విద్యార్థులది కాదు.

దాచిన డబ్బు ముందు వాడి, లోన్ వీలైనంత ఆలస్యంగా తీసుకోండి. ఏటా 10 శాతం చక్రవడ్డీ అనుకుందాం, చదువయ్యాక ఏడాదికి గానీ కట్టడం మొదలవదు. మొదటి ఏడాది తీసుకున్న ప్రతి 100 అప్పటికి 146 దాటుతుంది. అదే మూడో ఏడాది మొదట్లో తీసుకుంటే 121 దగ్గర ఆగుతుంది. మంజూరు ముందే చేయించుకోండి, డబ్బు మాత్రం అవసరమైనప్పుడే విడుదల చేయించుకోండి. చదువయ్యేదాకా వడ్డీ పడని ప్రభుత్వ లోన్ దొరికితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు దాన్నే ముందు వాడండి.

పొదుపులో కొంత ఇంటర్న్‌షిప్ నెలల కోసం పక్కన పెట్టండి. ఈ రంగంలో చాలావాటికి జీతం ఉండదు లేదా నామమాత్రమే, కానీ మొదటి ఉద్యోగం తరచూ అక్కడి పరిచయాల వల్లే వస్తుంది. డబ్బు లేక దాన్ని వదులుకోవడం నాకు బాధగా అనిపించే విషయం.

ఫీజు కట్టేముందు అమ్మాయిని తనకు నచ్చిన మూడు ఉద్యోగ ప్రకటనలు తెమ్మనండి. వాటిలో అడిగిన నైపుణ్యాలను సిలబస్ పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూడండి.