పాత పత్రికల సూచిక చేస్తే మా అమ్మాయికి ఏమొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం. ప్రాజెక్టు కింద ఒక సాహిత్య సంస్థలో పాత పత్రికలకు సూచిక (ఏ సంచికలో ఎవరి రచన ఉందో చెప్పే జాబితా) తయారు చేస్తానంటోంది. జీతం లేదు. ఆ టైమేదో డీఎస్సీకి చదువుకుంటే మేలు కదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఈ ప్రాజెక్టుకు ఒక్క మార్కు కూడా కలవదు. అమ్మాయి మనసంతా టీచర్ ఉద్యోగం మీదే ఉంటే మీ మాటే సరైనది.

పీహెచ్‌డీ చేసి లెక్చరర్ కావాలనుకుంటే మాత్రం ఆపకండి. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రాకపోయినా, లెక్చరర్ అర్హత పరీక్ష అయిన నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరే అవకాశాన్ని యూజీసీ 2024లో ఇచ్చింది. వాళ్లకు స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ ముప్పై దగ్గర ఈ పని అక్కరకొస్తుంది. తను చేతులారా చేసిన పని గురించి మాట్లాడే అభ్యర్థి ఎక్కడా తడబడదు.

సూచిక అంటే పేర్లు ఎక్కించడమే అనుకుంటారు గానీ, అది నిజంగా పరిశోధనే. పాత సంచిక మీద ఒక్కోసారి 'రుధిరోద్గారి, పుష్యం' అని తెలుగు సంవత్సరం, నెల మాత్రమే ఉంటాయి. ఆ సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి మళ్లీ వస్తుంది. అది 1924 జనవరా, అరవై ఏళ్ల తర్వాతదా అన్నది లోపలి ప్రకటనలు, వార్తలు చూసి తేల్చాలి. కలం పేరు వెనక ఉన్న అసలు రచయిత ఎవరో పట్టుకోవాలి. ఇంత కష్టపడి యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేస్తే మాత్రం రేపు ఎవరు వెతికినా దొరకదు. మొదటి రోజు నుంచే, ఏ కంప్యూటర్‌లోనైనా వెతకడానికి వీలయ్యే యూనికోడ్‌లో, ఎక్సెల్ షీట్‌లో చేయమనండి. స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టాలని సంస్థ అడిగితే కాపీరైట్ చూసుకోవాలి. మామూలుగా రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది.

నాకు ఒకే ఒక్క భయం ఉంది. మంచి పిల్లలు ఇలాంటి చోట చేరి, సభలకు కుర్చీలు వేయడానికీ, ఆహ్వాన పత్రికలు పంచడానికీ పరిమితమైపోతున్నారు. చూస్తుంటే నాకు బాధేస్తుంది. అందుకే చేరకముందే ఒక లెటర్ తీసుకోమనండి. ఏ పత్రిక, ఏ సంవత్సరాలు, ఎప్పటికి పూర్తి కావాలి, వారానికి ఎన్ని రోజులు వెళ్లాలి, సూచిక మీద తన పేరు ఉంటుందా, దారి ఖర్చులు ఇస్తారా, ఇవన్నీ అందులో ఉండాలి. గైడ్ సంతకం కూడా పెట్టించండి. పత్రిక మొత్తం నెత్తిన వేసుకోవద్దు. ఐదేళ్ల సంచికలు పూర్తిగా చేసినా చాలు. వారానికి రెండు రోజులే వెళితే నెట్ చదువూ ఆగదు.

లెటర్ ఇవ్వడానికి వాళ్లు వెనకాడితే మొహమాటపడకుండా వేరే చోటు చూసుకోమనండి. హైదరాబాద్‌లోనే 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, తెలంగాణ సారస్వత పరిషత్తు ఉంది. సెలవుల్లో వెళ్లగలిగితే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు బోలెడు. గైడ్ చేత ఒక పరిచయ లేఖ రాయించుకుని, ముందు వెళ్లి కలిసి రమ్మనండి.