యోమ్ కిప్పూర్‌కి ముసలామె ఉపవాసం ఉంటానంటే ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇది: ఇజ్రాయెల్‌లో ఎనభై దాటిన ఒకామెకు కేర్‌గివర్‌గా ఉన్నారు. ఆమెకు బీపీ, షుగర్ ఉన్నాయి. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్‌కి ఉపవాసం ఉండి తీరతానంటోంది. మీరేం చేయాలి, ఆ రోజు మీరు తినొచ్చా?

ఈసారి 2026 సెప్టెంబర్ 20 ఆదివారం పొద్దుగూకకముందే మొదలై, 21 సోమవారం చుక్కలు పొడిచాక ముగుస్తుంది. దాదాపు 25 గంటలు. రోజాలో ఉన్నట్టు సహరీ ఉండదు, శివరాత్రిలా పాలూ పండ్లూ చెల్లవు. గుక్కెడు నీళ్లు కూడా తాగరు.

షుగర్ మనిషి కాబట్టి కనీసం వారం ముందు కుపత్ ఖోలిమ్ (ఆరోగ్య బీమా సంస్థ) డాక్టర్ని అడగాలి. పూర్తిగా ఉండొచ్చా? కొద్దికొద్దిగా తినాలా? ఏ మందు ఎప్పుడు, ఎంత? తిండి లేకుండా ఎప్పటి మోతాదే ఇన్సులిన్ పడితే షుగర్ పడిపోతుంది. నీళ్లు తీసే బీపీ మాత్ర ఒంట్లో ఉన్న కాస్త తడినీ లాగేస్తుంది. డాక్టరు వద్దన్నాక ఆమె నమ్మే రబ్బీతో (యూదు మతగురువు) కూడా ఫోన్‌లో మాట్లాడించండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, గొడవంతా అక్కడే వస్తుంది. డాక్టరు మాటకు తల ఊపి, పండగ రోజు నోరు తెరవని పెద్దవాళ్లు ఉంటారు. తినడమే ఆ రోజు నీ విధి అని రబ్బీ చెబితే వింటారు. ప్రాణం మీదికొచ్చే చోట ఉపవాసం ఆగాల్సిందే, దాన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. రోగి తనకు తిండి కావాలంటే డాక్టరు అక్కర్లేదన్నా పెట్టమని యూదుల ధర్మగ్రంథం తల్ముద్ చెబుతుంది. డాక్టరు తినమంటే రోగి వద్దనడానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

కొద్దికొద్దిగా తినమంటే దానికో లెక్కుంది, షియురిమ్ అంటారు. ఒక్కోసారి తిండి 30 మి.లీ. కొలతలోపు, తర్వాత 9 నిమిషాలు ఆగాలి. ద్రవం ఒక బుగ్గ పట్టేదానికంటే తక్కువ. మనిషిని బట్టి మారుతుంది, మామూలుగా 40 మి.లీ. లోపే ఉంటుంది. తిండీ నీళ్లూ కలిపి లెక్కపెట్టరు కాబట్టి ముద్ద తిన్న వెంటనే గుక్క తాగొచ్చు. దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల మూత చాలు, ముందురోజే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అయితే చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా లెక్కలన్నీ పక్కన పెట్టి పండ్లరసం తాగించండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 101కి ఫోన్ చేయండి. ఆ రోజు కూడా అంబులెన్సులు తిరుగుతాయి.

డాక్టరు పూర్తిగా ఉండొచ్చంటే పని వారం ముందే మొదలవుతుంది. మధ్యాహ్నానికి వచ్చే తలనొప్పి ఆకలిది అనుకుంటారు గానీ, చాలాసార్లు అది కాఫీ మానినందుకే. రోజుకు నాలుగు కప్పులైతే రెండ్రోజులకో కప్పు తగ్గిస్తూ రండి. ముందురోజు నీళ్లు పొద్దున్నుంచే కాసిన్ని కాసిన్ని ఇవ్వాలి, చివర్లో ఒకేసారి లీటరు పట్టిస్తే బాత్రూమ్‌కే పోతుంది. సెఉదా మఫ్సెకెత్ అనే ఆఖరి భోజనంలో ఉప్పూ కారం తగ్గించండి. ఉడికించిన కోడి, అన్నం లేదా బంగాళాదుంప, చప్పటి సూప్ చాలు. వేపుడు వద్దు, మీ చేతి పచ్చడి అసలే వద్దు. దీపాలు వెలిగించే వేళకు ఇరవై నిమిషాల ముందే ముగించండి.

పోయినవాళ్ల పేరున రోజంతా వెలిగే కొవ్వొత్తి పెడతారు. దాన్ని ఆర్పరు, కాబట్టి కర్టెన్లకు దూరంగా ఇనుప పళ్లెంలో పెట్టండి. పండగ ముగిశాక చేసే హవ్‌దలా అనే వీడ్కోలు ప్రార్థనకి ముందురోజు నుంచి వెలుగుతున్న మంట కావాలి, ఇదే అందుకు పనికొస్తుంది. తోలు చెప్పులు వేసుకోరు. రబ్బరువో గుడ్డవో చూడండి, లోపలి అట్ట కూడా తోలు కాకుండా. హాయి కోసం స్నానం చేయరు, క్రీములు రాసుకోరు. పక్క తడిసినా ఒళ్లు మురికైనా కడగడం తప్పు కాదు, మందు పూత కూడా సరే. ఆ రోజు స్విచ్చులు ముట్టరు. లైటు వేయమని ఆమె నోటితో చెప్పకపోవచ్చు, ఏవి ఎలా ఉండాలో ముందే అడిగి టైమర్ పెట్టండి.

సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరం) తీసుకెళ్తే మొదటి సాయంత్రం కోల్ నిద్రే ప్రార్థన, మర్నాడు ఆఖరున నెయిలా ప్రార్థన ముఖ్యం. నెయిలాలో దాదాపు గంటసేపు నిలబడతారు, తూలేది అక్కడే. కూర్చోమని చెప్పండి, తప్పేం లేదు.

పండగ ముందు ఆమె మిమ్మల్ని క్షమించమని అడిగితే కంగారు పడకండి. మనిషికి మనిషి చేసిన తప్పు, ఆ మనిషి మన్నిస్తే తప్ప యోమ్ కిప్పూర్ తుడవదని మిష్నా అనే పాత యూదు ధర్మశాస్త్రం మాట. నవ్వి ఊరుకోకుండా మన్నించానని నోటితో అనండి. హ్యాపీ అనే పలకరింపు ఆ రోజుకు కుదరదు, "గ్మార్ ఖతిమా తోవా" (మీకు మంచి రాత ఖాయం కావాలి) అంటారు.

మీకు ఉపవాసం లేదు. ఆమె ఎదుట తినకండి, తాలింపు వాసన రానివ్వకండి. ఆదివారం మధ్యాహ్నానికే బస్సులు ఆగి, దుకాణాలు మూసేస్తారు. పాలు, బ్రెడ్, మాత్రలు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు ముందే తెచ్చుకోండి. బయటికి అడుగుపెడితే చూసుకుని నడవండి, కార్లు లేని రోడ్ల నిండా సైకిళ్ల మీద పిల్లలే.

ఉపవాసం ముగిసిందని షోఫార్ (పొట్టేలు కొమ్ము బూర) ఊదాక వెంటనే ప్లేటు నింపకండి. ముందు హవ్‌దలా, తర్వాత నీళ్లో టీయో, ఒక బిస్కెట్టు, షుగర్ చూడడం. అరగంట ఆగి భోజనం. రాత్రి మందులు డాక్టరు రాసిచ్చిన కాగితం చూసే ఇవ్వండి, పగటివి కలిపి ఒకేసారి వేయొద్దు.