లింగాకర్షక బుట్టతో పురుగును కాపాడవచ్చా?

పత్తి చేనులో గులాబీ రంగు పురుగు కోసం పెట్టే లింగాకర్షక బుట్టల వంటివాటినే యూరప్‌లో అరుదైన ఒక పెంకు పురుగును కాపాడటానికి వాడతారట, నిజమేనా అని అడిగారు. నిజమే. ఎర వేరు, సూత్రం ఒకటే: జత కోసం పురుగు వదిలే వాసనను ఎరగా పెట్టి, దానికి వచ్చేవాటిని పట్టడం.

పరకాల దగ్గర మా చేనులో మొదటి ఏడాది బుట్టలు పెట్టినప్పుడు నేను పెద్ద పొరపాటు చేశాను. రెక్కల పురుగులు పడుతున్నాయి కదా, బెడద తీరినట్టే అనుకున్నాను. తీరా కాయ చీల్చి చూస్తే లోపల పురుగు! ఈ జాతిలో వాసన వదిలేది ఆడది, దాన్ని వెతుక్కుంటూ వచ్చి బుట్టలో పడేది మగది. బయట మిగిలిన మగవి కొన్నే అయినా చాలా ఆడవాటితో కలుస్తాయి, గుడ్లు ఆగవు. అందుకే ఎకరానికి నాలుగైదు బుట్టలు పెట్టేది ముఖ్యంగా లెక్క కోసం. వరుసగా 3 రోజులు బుట్టకు రోజుకు 8 చొప్పున పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు.

మీరు చెప్పిన పెంకు పురుగు ఆస్మోడెర్మా ఎరెమిటా కావచ్చు. పాత ఓక్ చెట్ల తొర్రల్లో, పుచ్చిన చెక్క పొడి తింటూ దాని పిల్ల పురుగులు ఏళ్ల తరబడి పెరుగుతాయి. పెద్దవైన పురుగుల్లో చాలావరకు పుట్టిన చెట్టును వదలవు. ముసలి చెట్లు నరికేస్తే వాటికి దిక్కు లేదు. ఇక్కడ వాసన వదిలేది మగది. ఆ వాసన గామా డెకాలాక్టోన్ అనే రసాయనానిది, పీచ్ పండు వాసన, మన ముక్కుకూ తెలుస్తుంది. పత్తి ఎరను ఎన్నిసార్లు చేత పట్టుకున్నా నాకు ఏ వాసనా తగల్లేదు. ఈ తేడా నాకు భలే ఆశ్చర్యం. ఇంకో విషయం: దీని పిల్ల పురుగులను తినే ఎలాటర్ ఫెరుజినియస్ అనే పెంకు పురుగు కూడా అదే వాసన పట్టుకుని వస్తుంది. అదీ అరుదైనదే, కాబట్టి ఒకే ఎరతో రెండింటి జాడా తెలుస్తుంది.

అయితే జాగ్రత్త ఇక్కడే ఉంది. మగదాని వాసనకు ఎక్కువగా వచ్చేవి ఆడవి, అంటే గుడ్లు పెట్టవలసినవి. అందుకే బుట్టలో చంపే మందు ఉండదు. తరచూ చూసి, పడ్డవాటికి గుర్తు పెట్టి వదిలేస్తారు. ఉదాహరణకు నేడు 20 పురుగులకు గుర్తు పెట్టి వదిలారనుకుందాం. తర్వాత పట్టిన 10లో 2 గుర్తున్నవైతే, అంటే ఐదింట ఒకటి. గుర్తు పెట్టిన 20 కూడా మొత్తంలో ఐదో వంతే అనుకుంటే, అక్కడ ఉన్నవి సుమారు 100.

మన చింతచెట్టు తొర్రల్లోని పెంకు పురుగులకు ఈ పీచ్ వాసన ఎర కట్టి ఫలితం ఆశించకండి. ముందు వాటి వాసన ఏమిటో కనుక్కోవాలి.