రెనే గ్రూయో ఫ్యాషన్ బొమ్మల్లో కాగితం అంత ఖాళీగా ఎందుకు ఉంటుంది?

దుస్తుల రూపురేఖ ఒక్కటే చూపరి కంటిని పట్టుకోవాలని గ్రూయో మిగిలినదంతా కావాలనే వదిలేశాడు. 1947 ఫిబ్రవరిలో, గ్రూయో ఎవరి దుస్తులకు బొమ్మలు వేసేవాడో ఆ ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో ప్రదర్శించిన దుస్తుల కొత్తదనం గుండ్రని భుజాలు, బిగుతైన నడుము, గొడుగులా విచ్చుకునే లంగాల ఆకృతిలోనే ఉంది కనుక, ఆ అందాన్ని చెప్పడానికి కుంచెతో లాగిన ఒక దట్టమైన నల్లని గీత, ఒకటి రెండు చోట్ల చదునుగా పూసిన ఎరుపు సరిపోయేవి. జపాన్ చెక్క అచ్చు చిత్రాల నుంచి, ఫ్రెంచి చిత్రకారుడు తూలూజ్ లోత్రెక్ పోస్టర్ల నుంచి వచ్చిన ఈ పొదుపు వల్ల, గోడమీది ప్రకటన దూరం నుంచి చూసినా ఇట్టే తెలిసిపోతుంది.

అదే ఏడాది మిస్ డియోర్ పరిమళం కోసం ఆయన వేసిన హంసను చూడండి: తెల్లని హంస, మెడలో ముత్యాల దండ, ఒక నల్లని రిబ్బను ముడి. ఆ బొమ్మలో స్త్రీ ఎక్కడా కనిపించదు. అయినా ముత్యాలు ధరించి తల తిప్పిన ఒక స్త్రీ ఠీవి ఆ మెడ వంపులోనే తెలుస్తుంది. ఇంత తక్కువతో ఇంత చెప్పిన ప్రకటనలు నిజంగా అరుదు.

ఇవి తొందరలో గీసి సగంలో ఆపేసిన చిత్తు బొమ్మలని చాలామంది పొరబడతారు. నిజానికి ఎన్నో చిత్తుప్రతులు గీసి, అక్కర్లేని గీతలను ఒక్కొక్కటిగా తీసేసిన తరువాతే గ్రూయో చివరి గీత గీసేవాడు.