సీటు కన్నా ముందు దాని కాగితం చూడు, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

పీజీ కౌన్సెలింగ్‌ల జనరల్ సర్జరీకే ఆప్షన్లు పెడుతున్నవని అక్క ఫోన్లో చెప్పింది. మన ఇంట్ల కత్తి పట్టే ఆడపిల్లవు నువ్వేనని గొప్పగ అనిపించింది. అరగంట కాకముందే గుబులు మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

సర్టిఫికెట్లు, ఫీజు, బాండు సంగతి నీకు తెలుసు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్ దినం చూస్తనే ఉంటవు. వాటి గురించి చెప్పను.

మా తరంల చదువుకున్న పిల్లలే చేసిన తప్పొకటుంది. సీటు 'పర్మిటెడ్'నా, 'రికగ్నైజ్డ్'నా అని అడగకపోవుడు. ఒక డిపార్ట్‌మెంటుకు 3 సీట్లు ఉండె, వాటిని 5 చేసిన్రు అనుకో. పాత మూడింటికి గుర్తింపు ఉన్నది. కొత్త రెండింటికి నడుపుకోనీకి అనుమతి మాత్రమే. అదే వార్డు, అవే నైట్ డ్యూటీలు, అదే పరీక్ష, కాబట్టి పిల్లలకు తేడా కనపడది. కొత్త సీట్ల మొదటి బ్యాచ్ ఫైనల్ పరీక్ష రాసేటప్పుడు మెడికల్ కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్లు వచ్చి పరీక్ష ఎట్ల జరిగింది, ఫ్యాకల్టీ ఎంతమంది, కేసులు ఎన్ని అని చూసేటోళ్లు. వాళ్ల రిపోర్టు మంచిగుంటేనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చేది. అది రాకుంటే యూనివర్సిటీ డిగ్రీ చేతిల ఉన్నా, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్ల అదనపు క్వాలిఫికేషన్‌గ ఎక్కకపోయేది. అది ఎక్కకుంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు లేదు, సూపర్ స్పెషాలిటీ లేదు. పాసైన పిల్ల ఇంట్ల కూసునేది. డిపార్ట్‌మెంటు చేసిన పాపానికి శిక్ష పిల్లకు.

ఇప్పుడు రూలు మారింది, ఒప్పుకుంట. 2020ల ఆ పాత మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) పోయి నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) వచ్చింది. 2023 పీజీ రెగ్యులేషన్ల ప్రకారం, అనుమతి ఉన్న సీట్ల చేరి పాసైతే ఆ డిగ్రీని రిజిస్ట్రేషన్ కోసం గుర్తింపు ఉన్నట్టే లెక్కిస్తరు. మరి ఇంకెందుకు భయం మామా అంటవు. ఆ రక్షణ అంతా అనుమతి మీదనే నిలబడ్డది కాబట్టి. 2022ల మన రాష్ట్రంలనే మూడు ప్రైవేటు కాలేజీలల్ల వసతులు సరిగ్గ లేవని ఎన్‌ఎంసీ ఆ ఏడాది అడ్మిషన్లు రద్దు చేసింది. పీజీ పిల్లలు కూడ అండ్ల చిక్కుకున్నరు. తర్వాత వేరే కాలేజీలల్ల సర్దిన్రు గానీ, ఆ మధ్యల వాళ్ల అమ్మనాయనల మొకాలు ఎట్లున్నయో అనుకో.

అందుకే ఆ సీట్లకిచ్చిన అనుమతి పత్రం, అంటే లెటర్ ఆఫ్ పర్మిషన్ (ఎల్‌ఓపీ) కాపీ ఒకటి సంపాదించు. అండ్ల మూడే చూడాలె: కోర్సు పేరు, సీట్ల సంఖ్య, ఏ విద్యా సంవత్సరం నుంచి అని. ఆ సంఖ్యను ఎన్‌ఎంసీ సైటుల ఉన్నదాంతోని, కౌన్సెలింగ్ సీట్ మ్యాట్రిక్స్ (సీట్ల పట్టిక)తోని కలిపి చూడు. తేడా వస్తే ఆ కాలేజీని ఆప్షన్ల లిస్టుల కిందికి జరుపు. ఆస్పత్రులల్ల చేసే పీజీ, డీఎన్‌బీ అయితే, దాన్ని నడిపే జాతీయ పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) ఆస్పత్రి మొత్తానికి కాదు, స్పెషాలిటీకొకటి, కొన్నేండ్లకే అక్రిడిటేషన్ (గుర్తింపు) ఇస్తది. అది ఎప్పటిదాక ఉన్నదో చూసుకో. మెడిసిన్‌కు ఉన్నదని సర్జరీకి ఉన్నట్టు కాదు.

కాగితం సక్కగున్నా కాళ్లు అరగదీసుకోవాలె. మహబూబాబాద్, మంచిర్యాల 2022ల, భూపాలపల్లి, జనగామ 2023ల, ములుగు, నర్సంపేట 2024ల మన చుట్టు ఇన్ని కొత్త కాలేజీలు వచ్చినయి. కొత్తవని వద్దనను, పోయి చూడుమంట. సోమవారం పొద్దుగాల పదింటికి పో, చెప్పకుంట. తనిఖీ రోజు ఊర్లనుంచి ఆటోలల్ల పేషెంట్లను దించే చోట్లున్నయి, ఆ రోజు వార్డు నిండుగ కనపడ్తది. ఆపరేషన్ థియేటర్ బయట ఆపరేషన్ల లిస్టు చదువు. రెండో సంవత్సరం పీజీ రెసిడెంటును చాయ్‌కి పిలువు. కాలేజీ మంచిగున్నదా అని అడగకు, 'హెర్నియాలు నీ చేత్తోని ఎన్ని చేసినవు' అని అడుగు. స్టైపెండ్ ఎంత పడ్తదని కాదు, పడ్డంక ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంటదని అడుగు, కార్డు కాలేజీయే పెట్టుకునే చోట్లున్నయి. నవ్వకు, నిజమే చెప్తున్న.

చేరినంక లాగ్‌బుక్, అంటే నువ్వు చేసిన కేసులు రాసుకునే బుక్కు. దీని మీద తిడ్త, ఏమనుకోకు. తారీఖు, ఐపీ నంబరు (చేరిన పేషెంటుకిచ్చే నంబరు), రోగం, నువ్వేం చేసినవు: చూసినవా, అసిస్ట్ చేసినవా, పక్కన పెద్ద డాక్టరుంటే చేసినవా, నువ్వే చేసినవా. వారానికోసారి సంతకం పెట్టించు. పరీక్ష ముందు పది రోజులు కూసోని మూడేండ్లది ఒకటే పెన్నుతోని నింపేటోళ్లున్నరు. ఎగ్జామినరుకు పేజీ తిప్పంగనే తెలుస్తది. ఒకటే ఐపీ నంబరు రెండు పేజీలల్ల, సద్దుల బతుకమ్మ రోజు ఎలక్టివ్ (అర్జంటు కాని) హెర్నియా! డిపార్ట్‌మెంటు మీద రేపు ఏదన్న వస్తే, నువ్వు నేర్చుకున్నవని చెప్పే సాక్ష్యం ఆ బుక్కే.

హాజరు 80 శాతం తగ్గనియ్యకు. ఏడాదికి 20 రోజుల సెలవు, వారానికొక రోజు విశ్రాంతి రూలుల ఉన్నయి. విశ్రాంతి రోజు నిద్రపో బిడ్డా, హీరోయిజం చెయ్యకు. జిల్లా రెసిడెన్సీ (జిల్లా ఆస్పత్రిల పనిచేసుడు) మూడు నెలలు 3, 4, 5 సెమిస్టర్లల్ల ఒకదాంట్ల వస్తది. దాన్ని సెలవులనుకోకు, అపెండిక్స్‌లు చేతికి దొరికేది అక్కడనే.

అక్కతోని ఒక ప్లాస్టిక్ ఫైలు పంపుతున్న. మొదటి కవరు ఖాళీగ ఉంచిన, ఎల్‌ఓపీ కాపీకి. అది నిండినంకనే ఆప్షన్లు లాక్ చెయ్యి.

నీ మామ