పెద్ద టైర్లు వేయించానని బీమా క్లెయిమ్ కొట్టేశారు, ఇప్పుడేం చేయాలి?

సందేహం: మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. ఫైనాన్స్‌లో బొలెరో పికప్ తీసుకొని నేనే నడుపుతూ బత్తాయి తోటల నుంచి మార్కెట్‌కు కాయ తోలుతుంటాను. వానాకాలంలో తోట బాటల్లో బండి దిగబడుతోందని కంపెనీ టైర్లు తీసేసి, వాటికంటే పెద్దవి, లోతు గుబ్బలున్నవి వేయించాను. 2024 అక్టోబరులో ఒక రాత్రి కట్టంగూర్ దగ్గర హైవే పక్కన బండి ఆపి టీ తాగుతుంటే, వెనక నుంచి లారీ గుద్ది ఆగకుండా పోయింది. పోలీసు కేసు పెట్టాను. అనుమతి లేని టైర్లు వేశారంటూ బీమా కంపెనీ 2025 జనవరి 20న క్లెయిమ్ తిరస్కరించింది. పైవాళ్లతో మాట్లాడుతున్నా, ఆగమంటున్నాడు ఏజెంటు. కంపెనీ సైజు టైర్లు కొన్నట్టు పాత తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు టైర్ల షాపతను. కిస్తీలు కట్టలేక ఇంట్లో అంతా టెన్షన్. అందరూ నన్నే తిడుతున్నారు. నేను చేసింది అంత తప్పా?

సమాధానం: తప్పే. కానీ మీ కేసు దాని మీద తేలదు. బండి ఆగి ఉండగా లారీ వెనక నుంచి గుద్దిందన్నారే, ఆ ఒక్క ముక్క మీద తేలుతుంది.

ముందు తప్పు సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సరుకు బండ్లకైతే 58వ సెక్షన్ కింద టైర్ల సంఖ్య, రకం, సైజు కూడా రిజిస్ట్రేషన్‌లో రాస్తారు. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బతుకుదెరువు బండికి అంత డబ్బు పోసి టైర్లు కొనేముందు ఆర్‌సీ ఒకసారి తీసి చూడొద్దా? ఇప్పుడైనా డోర్ దగ్గరి స్టిక్కరు, కంపెనీ హ్యాండ్‌బుక్ చూడండి. మీరు వేసిన సైజును తయారీదారు ఆ మోడల్‌కు ఆమోదించి ఉంటే బీమా కంపెనీ అభ్యంతరం బలం అక్కడే తగ్గిపోతుంది.

ఆమోదం లేకపోయినా దారి మూసుకుపోలేదు. బండి నడుస్తూ ప్రమాదం జరిగి ఉంటే మీ పని కష్టమయ్యేది. టైరు పెద్దదైతే అవే బ్రేకులతో ఆపడం కష్టం, స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, లోతు గుబ్బల టైరుకు తడి తారు మీద పట్టు తగ్గొచ్చు. నష్టం లెక్కకట్టడానికి వచ్చే బీమా సర్వేయరు ఇవన్నీ రాసేవాడు. ఆగి ఉన్న బండికి వీటిలో ఏ ఒక్కటీ వర్తించదు. జితేంద్రకుమార్ కేసులో (2003) డ్రైవరుకు చెల్లే లైసెన్సు లేదు, కానీ కారు కాలింది యాంత్రిక లోపంతో. ప్రమాదానికి కారణం కాని లోపాన్ని చూపి క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ వాదన ఇదే.

ఆ పాత తేదీ బిల్లు మాత్రం ముట్టుకోకండి. టైరు పక్కన అచ్చేసిన సైజు సర్వేయరు ఫోటోల్లో ఉంటుంది. బిల్లు నంబరు వరుస షాపు జీఎస్టీ లెక్కల్లో దొరికిపోతుంది. దొంగ బిల్లు తయారుచేస్తే, దాన్ని నిజమైనదిగా వాడితే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద నేరం. అంతకన్నా ముందు, మోసం చేశారన్న ఒక్క కారణంతో గెలిచే క్లెయిమ్ మొత్తం పోతుంది. టైర్లు మార్చిన మాట వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చే ఫిర్యాదులో మీరే మొదట రాయండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఆ ఫిర్యాదు వేయడానికి కారణం పుట్టిన నాటి నుంచి, అంటే క్లెయిమ్ తిరస్కరించిన నాటి నుంచి రెండేళ్లు. మీకది 2027 జనవరి 19తో అయిపోతుందనుకొని పని మొదలుపెట్టండి. ఏజెంటు మాటలతో, ఫోన్లతో గడువు ఒక్కరోజు కూడా పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కానీ ఏజెంటు ఆగమన్నాడన్నది నిలిచే కారణం కాదు.

ఎఫ్ఐఆర్, పంచనామా కాపీలు తీయండి. ఆ రాత్రి ఫోన్లో తీసిన ఫోటోలు చెరపకండి, మరొక చోట కూడా దాచండి. టీ కొట్టతను చూసి ఉంటే అఫిడవిట్ తీసుకోండి. సర్వే రిపోర్టు కాపీ ఇవ్వమని బీమా కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, ఇవ్వకపోతే కమిషన్ ద్వారా తెప్పించవచ్చు. తర్వాత లీగల్ నోటీసు, ఆపై నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. మీరు కట్టిన ప్రీమియం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బండి మీరే నడిపి బతుకుతున్నారని స్పష్టంగా రాయండి, లేకపోతే వ్యాపార అవసరం అని అడ్డు చెప్తారు. మొదట పూర్తి మొత్తం అడగండి. అది కుదరకపోతే 75 శాతమైనా ఇప్పించమని అదే ఫిర్యాదులో కోరండి. సొంత వాడకం కారును అద్దెకు తిప్పిన అమలేందు సాహూ కేసులో (2010) సుప్రీంకోర్టు క్లెయిమ్ మొత్తం కొట్టేయనీయకుండా కొంత సొమ్ము ఇప్పించింది.

ఆ పెద్ద టైర్లు అమ్మకండి, అవి సాక్ష్యం. బండి బాగై రోడ్డెక్కే ముందు మాత్రం ఆర్‌సీలో ఉన్న సైజు టైర్లే వేయించి, ఆ రోజు తేదీతోనే అసలు బిల్లు తీసుకోండి.