జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే మార్పు) వేయాలంటే స్ప్రింగులు మారిస్తే చాలా?

చాలదు, స్ప్రింగులతో పాటు పొడవైన షాక్ అబ్సార్బర్లు, క్యాస్టర్ (ముందు చక్రం ఏ ఇరుసు మీద పక్కకు తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణం) సరిచేసే బుష్‌లు, అడ్జస్ట్ చేసుకునే పాన్‌హార్డ్ రాడ్లు, పొడవైన బ్రేక్ హోస్‌లు, బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మె) స్పేసర్లు కూడా చూసుకోవాలి.

మారుతి జిమ్నీకి ముందూ వెనకా ఉన్నది రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. లిఫ్ట్ వేస్తే ఛాసిస్ లేస్తుంది కానీ యాక్సిల్ ఉన్న ఎత్తులోనే ఉంటుంది. ఆ రెంటినీ కలిపే భాగాలన్నీ పాత కొలతకు చేసినవి కాబట్టి ఒకదానికి పొడవు చాలదు, ఇంకోదాని కోణం మారిపోతుంది.

పాన్‌హార్డ్ రాడ్‌నే తీసుకోండి. యాక్సిల్ పక్కకు జరక్కుండా పట్టి ఉంచే అడ్డకడ్డీ అది, ఒక కొస ఛాసిస్‌కి, రెండోది యాక్సిల్‌కి. బండి లేచేకొద్దీ రాడ్ మరింత ఏటవాలుగా మారి యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. వెనక నిలబడి చూస్తే ఒక టైరు కాస్త బయటికి, రెండోది లోపలికి కనిపిస్తాయి. ముందు యాక్సిలేమో కొద్దిగా తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది; మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది సరిగా వెనక్కి రాదు, హైవే మీద బండి నిలకడగా పోదు. ఖర్చు తగ్గించుకోవాలని క్యాస్టర్ సరిచేసే బుష్‌లు వదిలేయడం నా దృష్టిలో అసలు కూడదు.

లిఫ్ట్ వేస్తే డిఫరెన్షియల్ (యాక్సిల్‌లో కిందికి ఉబ్బి ఉండే గేర్ల గుండు) కింద ఖాళీ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. అది పెరిగేది పెద్ద టైర్లతోనే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. ఈ విషయంలో ఆ టైరు పైన తగలకుండా చోటివ్వడం వరకే లిఫ్ట్ పని.